ఒకే క్వెరీ పది చోట్ల కాపీ అయి ఉంది, ఎస్‌క్యూఎల్‌ను కోడ్‌లో ఎక్కడ పెట్టుకోవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. పైథాన్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద రెండేళ్లుగా పనిచేస్తున్నారు. ఒక వెబ్ అప్లికేషన్ ఉంది, రాత్రిపూట నడిచే రిపోర్టు స్క్రిప్టులున్నాయి, కొన్ని జుపిటర్ నోట్‌బుక్‌లున్నాయి. అన్నిట్లో కలిపి 60 దాకా క్వెరీలు (డేటాబేస్‌కి ఎస్‌క్యూఎల్‌లో ఇచ్చే ఆదేశాలు) కోడ్ మధ్యలో స్ట్రింగులుగా పడి ఉన్నాయి, అందులో సగం ఒకదానికొకటి కాపీలు. వీటిని ఓఆర్‌ఎమ్‌లోకి (టేబుళ్లను కోడ్‌లో ఆబ్జెక్టులుగా చూపి, ఎస్‌క్యూఎల్ తానే రాసుకునే లైబ్రరీ) మార్చాలా, స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్ లోపలే ఉండే ప్రోగ్రాములు) చేయాలా, విడి ఫైళ్లలో పెట్టాలా అని మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. విడి ఎస్‌క్యూఎల్ ఫైళ్లలో పెట్టండి. ప్రతి క్వెరీకీ ఒక పేరుండాలి, విలువలన్నీ క్వెరీలో అతికించకుండా విడిగా, పారామీటర్లుగానే వెళ్లాలి. నాలుగు చోట్ల అవసరమయ్యే లెక్క ఉంటే ఆ లెక్కను మాత్రం డేటాబేస్‌లో వ్యూగా (టేబుల్‌లా వాడుకునే, పేరు పెట్టి దాచిన క్వెరీగా) పెట్టండి. ఓఆర్‌ఎమ్ ఇప్పటికే వాడుతుంటే ఒక రికార్డు తేవడం, మార్చడం లాంటి చిన్న పనులకు దాన్ని అలాగే ఉండనివ్వండి. రిపోర్టు క్వెరీలను బలవంతంగా అందులోకి తిప్పొద్దు. నాలుగు టేబుళ్ల జాయిన్, విండో ఫంక్షన్ ఉన్న క్వెరీని ఓఆర్‌ఎమ్ భాషలో రాస్తే ఆర్నెల్ల తర్వాత రాసినవాడికే అర్థం కాదు.

ఇప్పుడు ఎందుకో చెప్తాను. కొంచెం పొడుగవుతుంది.

నేను 2008లో జావాతో మొదలుపెట్టాను. అప్పట్లో ఐబాటిస్ అనే లైబ్రరీ ఉండేది, 2010లో మైబాటిస్ అయింది. క్వెరీలన్నీ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో పేర్లతో ఉండేవి. 'కంటే తక్కువ' గుర్తు రాస్తే ఎక్స్‌ఎంఎల్ చిరాకుపడేది, దాన్ని సీడేటాలో చుట్టాల్సి వచ్చేది. ఆ బాధ మరిచిపోలేదు గానీ, క్వెరీ ఎక్కడుందో వెతుక్కోవాల్సిన అవసరం మాత్రం ఎప్పుడూ రాలేదు. తర్వాత పైథాన్‌కి వచ్చాక క్వెరీలు ఫంక్షన్ల మధ్యలో మూడేసి కొటేషన్ గుర్తుల మధ్య స్ట్రింగుల్లో ఉండటం చూసి ఇదే హాయిగా ఉందనుకున్నాను. ఆ హాయి ఎన్నాళ్లో నిలవలేదు.

మేం చిట్ ఫండ్ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. చీటీల లెక్కలో 'బకాయి' అన్నది వినడానికి చాలా తేలిక: ఈ నెల వరకు కట్టాల్సిన వాయిదాల్లోంచి కట్టింది తీసేయడమే. కానీ కట్టింది అంటే ఏది? చెక్కు ఇచ్చాడు, ఇంకా క్లియర్ కాలేదు, అది కట్టినట్టా కాదా? రద్దు చేసిన రసీదు సంగతేంటి? కట్టాల్సిన మొత్తంలో డివిడెండ్ ముందే తీసేయాలా, టైముకు కడితేనే తీసేయాలా? మా కోడ్‌లో ఈ బకాయి క్వెరీ 14 చోట్ల ఉండేది. ఒకసారి రసీదుల టేబుల్లో స్టేటస్ కాలమ్‌కి 'బౌన్స్' అనే కొత్త విలువ చేర్చాం. కోడ్ మొత్తం వెతికి 12 చోట్ల మార్చాం. ఎస్సెమ్మెస్ పంపే స్క్రిప్టు, అరియర్స్ ఎక్సెల్ తీసే స్క్రిప్టు తప్పిపోయాయి. అక్కడ టేబుల్‌కి వేరే పొట్టిపేరు పెట్టి రాశారు, అందుకే మా వెతుకులాటలో పడలేదు. తర్వాతి వారం ఒక చందాదారు కౌంటర్ దగ్గరికి ఫోన్ పట్టుకుని వచ్చాడు. మెసేజ్‌లో బకాయి సున్నా అని ఉంది, గుమస్తా స్క్రీన్ మీద 25,000 కనిపిస్తోంది. "మీరే పంపారు కదండీ" అంటాడు ఆయన. ఆయన మాటలో తప్పేముంది?

ఆ 14 కాపీల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు విషయం బయటపడింది. అవి 14 కాపీలు కావు, నాలుగు రకాల బకాయిలు. అందులో రెండు కేవలం తప్పులు. మిగతా రెండూ నిజంగానే వేరు. వసూలుకి వెళ్లే ఏజెంటుకి చెక్కు ఇచ్చినవాడు కట్టినట్టే లెక్క, వాడింటికి మళ్లీ వెళ్తే గొడవ. అకౌంట్స్ వాళ్లకి మాత్రం బ్యాంకులో పడేదాకా కట్టనట్టే. అంటే ఒక పేరు సరిపోదు, 'వసూలు బకాయి', 'ఖాతా బకాయి' అని రెండు కావాలి. అందుకే మొదట చెప్పేది ఇది: చూడటానికి ఒకేలా ఉన్నాయని రెండు క్వెరీలను కలిపేయకండి. రేపు రూలు మారితే రెండూ కలిసి మారతాయా అని అడగండి. అవునంటే ఒకటి చేయండి. కాదంటే కాపీలా కనిపించినా సరే విడిగా ఉండనివ్వండి.

ఇక ఫైళ్ల సంగతి. ఒక్కో విషయానికి ఒక ఫైలు: రసీదులు, వేలంపాటలు, చందాదారులు అలా. ఫైల్లో ప్రతి క్వెరీ పైన ఒక కామెంట్ లైను, అందులో దాని పేరు. క్లోజర్ భాషలో యెస్‌క్వెల్ అనే లైబ్రరీ ఈ పద్ధతికి ప్రచారం తెచ్చింది. పైథాన్‌లో అదే దారిలో ఏఐఓ ఎస్‌క్యూఎల్ ఉంది. పేరు చివర కారెట్ గుర్తు పెడితే ఒక్క రికార్డు ఇస్తుంది, డాలర్ గుర్తు పెడితే ఒక్క విలువ ఇస్తుంది, ఆశ్చర్యార్థకం పెడితే అది డేటాను మార్చే క్వెరీ అని తెలుసుకుంటుంది. లైబ్రరీ వద్దనుకుంటే సొంతంగా రాసుకోండి, ఫైళ్లు చదివే మా లోడర్ 40 లైన్లు కూడా లేదు. గో భాషలో ఎస్‌క్యూఎల్‌సీ ఇంకో మెట్టు పైకెక్కి, ఫైలు చదివి టైపులతో సహా కోడ్ తయారుచేసి ఇస్తుంది. పైథాన్‌లో అంత దూరం అక్కర్లేదని నా అభిప్రాయం.

పేరు పెట్టేటప్పుడు ఏ స్క్రీన్ కోసమో రాయకండి, ఏమిస్తుందో రాయండి. 'డ్యాష్‌బోర్డు క్వెరీ 2' అన్న పేరు నేను చూశాను. రాసినవాడు మానేసి వెళ్లిపోయాడు, డ్యాష్‌బోర్డు కూడా పోయింది, ఆ క్వెరీ మాత్రం మూడు చోట్ల బతికే ఉంది.

ఇంకో చిన్న లాభం. క్వెరీ మొదట్లోనే దాని పేరును కామెంట్‌గా డేటాబేస్‌కి పంపితే, సర్వర్ మీద భారం పడినప్పుడు, నడుస్తున్న క్వెరీలను చూపే పీజీ స్టాట్ యాక్టివిటీలో ఆ పేరు కనిపిస్తుంది. అక్కడ మామూలుగా క్వెరీలో మొదటి 1024 బైట్లే కనిపిస్తాయి కాబట్టి కామెంట్ చివర పెడితే ప్రయోజనం లేదు. అర్ధరాత్రి ఫోనొస్తే 'ఈ క్వెరీ ఎవరిది' అని నలుగురిని లేపక్కర్లేదు.

ఫైళ్లలో పెట్టినవాళ్లంతా ఒకసారి తినే దెబ్బ ఒకటుంది, మీరు తినకండి. ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, సర్వర్‌లో ఫైలు లేదంటుంది. పైథాన్ ప్యాకేజీ కట్టేటప్పుడు పైథాన్ ఫైళ్లు వాటంతటవే వెళ్తాయి, ఎస్‌క్యూఎల్ ఫైళ్లు వెళ్లాలంటే ప్యాకేజీ సెట్టింగుల్లో చెప్పాలి. మేం సోమవారం ఉదయం కౌంటర్లు తెరిచాక తెలుసుకున్నాం. అది కూడా వెంటనే కాదు. లోడర్ ఏ క్వెరీ అడిగితే ఆ ఫైలు అప్పుడే చదివేలా రాసుకున్నాం కాబట్టి లాగిన్ బాగానే నడిచింది, మొదటి రసీదు కొట్టేటప్పుడు పడిపోయింది. ఆ రోజు నుంచి రెండు పనులు చేస్తున్నాం. ఫైళ్లను ఫోల్డర్ దారితో కాకుండా ఇంపోర్ట్‌లిబ్ రిసోర్సెస్ ద్వారా చదువుతాం. అన్ని క్వెరీలనూ అప్లికేషన్ మొదలయ్యేటప్పుడే చదివేస్తాం. ఒక్కటి లేకపోయినా అసలు స్టార్టే కాదు, తప్పు డిప్లాయ్ చేసినవాడి కళ్ల ముందే బయటపడుతుంది.

పారామీటర్ల గురించి. ఎఫ్ స్ట్రింగుతో విలువను క్వెరీలో అతికించొద్దని అందరూ చెప్తారు, ఇంజెక్షన్ దాడి (విలువ పేరుతో ఎవరో తమ ఎస్‌క్యూఎల్‌ను చొప్పించడం) వస్తుందని భయపెడతారు. నిజమే. మాకు మాత్రం ఏ హ్యాకరూ రాలేదు, డిసౌజా అనే చందాదారు వచ్చాడు. ఇంగ్లీషులో ఆయన ఇంటిపేరులో 'డి' తర్వాత అపాస్ట్రఫీ ఉంటుంది. ఆ ఒక్క గుర్తుతో స్ట్రింగు మధ్యలోనే మూసుకుపోయి, ఆయనకు రసీదు రావడం మానేసింది. గుమస్తా తెలివిగా ఆ గుర్తు తీసేసి పేరు మార్చేశాడు, దాంతో సమస్య మాదాకా రావడానికే మూడు నెలలు పట్టింది.

పారామీటర్లతో కుదరనివి కొన్ని ఉన్నాయి. ఏ కాలమ్ ప్రకారం వరుస పెట్టాలి, ఏ టేబుల్ నుంచి తేవాలి లాంటివి పారామీటర్‌గా పంపలేరు. వాటికి కోడ్‌లో ఒక చిన్న డిక్షనరీ పెట్టండి: స్క్రీన్ నుంచి 'తేదీ' అని వస్తే ఈ కాలమ్, 'పేరు' అని వస్తే ఆ కాలమ్, ఇంకేదొచ్చినా ఎర్రర్. విలువల జాబితా పంపాలంటే 'ఇన్' బదులు 'ఈక్వల్ టు ఎనీ' రాసి లిస్టు మొత్తాన్ని ఒకే పారామీటర్‌గా ఇవ్వండి. లిస్టు ఖాళీగా ఉన్నా ఏడవదు. పైగా సైకోపీజీ (పైథాన్‌ను పోస్ట్‌గ్రెస్‌తో కలిపే లైబ్రరీ) 2 నుంచి 3కి మారితే 'ఇన్' తర్వాత టపుల్ ఇచ్చే పాత పద్ధతి పనిచేయదు, అప్పుడెలాగూ మార్చుకోవాల్సిందే. 'లైక్'లో శాతం గుర్తు క్వెరీలోనే రాస్తే సైకోపీజీకి రెండు శాతం గుర్తులివ్వాలి. అంతకంటే ఆ గుర్తును విలువతో పాటే పంపడం మేలు.

ఇప్పుడు నేను రెండు రోజులు తల పట్టుకున్న సంగతి. క్వెరీలు మళ్లీ మళ్లీ వాడుకోవాలన్న ఉత్సాహంలో 'అన్ని ఫిల్టర్ల' క్వెరీ ఒకటి రాశాను. బ్రాంచి ఇస్తే ఆ బ్రాంచి, ఇవ్వకపోతే అన్నీ. గ్రూపు ఇస్తే ఆ గ్రూపు, లేకపోతే అన్నీ. ప్రతి ఫిల్టరూ 'పారామీటర్ నల్ అయినా సరే, లేదా కాలమ్ దానికి సమానమైనా సరే' అనే రూపంలో ఉండేది. ఒక్క క్వెరీతో ఆరు స్క్రీన్లు నడిచాయి, ఎంత మురిసిపోయానో. సైకోపీజీ 3కి మారాక ఫిర్యాదులు మొదలయ్యాయి. పొద్దున బాగుంటుంది, పదింటికల్లా నత్తనడక. రీస్టార్ట్ చేస్తే మళ్లీ బాగుంటుంది.

కారణం ఇదీ. సైకోపీజీ 3 ఒక కనెక్షన్ మీద అదే క్వెరీ ఐదుసార్లు నడిచాక దాన్ని సర్వర్‌లో ప్రిపేర్ చేసేస్తుంది, అంటే మళ్లీ వాడేందుకు సిద్ధం చేసి పెడుతుంది. ప్రిపేర్ అయిన క్వెరీకి పోస్ట్‌గ్రెస్ మొదటి ఐదుసార్లూ అసలు విలువలు చూసి ప్లాన్ (డేటాను ఏ దారిలో వెతకాలన్న పథకం) వేస్తుంది. తర్వాత విలువలతో సంబంధం లేని జెనరిక్ ప్లాన్ ఒకటి వేసి, దాని అంచనా ఖర్చు మునుపటి ఐదింటి సగటు కంటే మరీ ఎక్కువ కాకపోతే ఇక దాన్నే వాడుతుంది. మా దగ్గర పొద్దున్నే ఆ స్క్రీన్ తెరిచేది హెడ్డాఫీసు వాళ్లు, ఏ ఫిల్టరూ పెట్టకుండా. అందుకని మొదటి ఐదు ప్లాన్లూ టేబుల్ మొత్తం చదివేవే, ఖరీదైనవే. వాటితో పోలిస్తే జెనరిక్ ప్లాన్ బాగానే ఉందనిపించింది పోస్ట్‌గ్రెస్‌కి. ఆ తర్వాత ఒక చిన్న బ్రాంచి వాళ్లు తమ 40 రసీదులు అడిగినా ఇండెక్స్ వాడకుండా టేబుల్ మొత్తం తిరగడమే. నేనేమో క్వెరీని పట్టుకెళ్లి ఎడిటర్‌లో విలువలతో నడిపి చూసేవాణ్ని, అక్కడ చిటికెలో వచ్చేసేది! అదీ తల పట్టుకోవడానికి కారణం.

పోస్ట్‌గ్రెస్ 12 నుంచి ప్లాన్ క్యాష్ మోడ్ అనే సెట్టింగు ఉంది, దాంతో ప్రతిసారీ కొత్త ప్లాన్ వేయమని బలవంతపెట్టొచ్చు. ఆ రాత్రికి అదే చేశాం. తర్వాత వారం ఆ క్వెరీని మూడుగా విడగొట్టాను: బ్రాంచిది, గ్రూపుది, మొత్తానిది. మూడు కలిపి పాతదానికంటే 50 లైన్లు ఎక్కువ. ఒక్కొక్కటీ చదివితే అర్థమవుతుంది. ఒక క్వెరీలో మూడో ఐచ్ఛిక ఫిల్టర్ చేరుస్తున్నానంటే ఇప్పుడు చెయ్యి ఆపుకుంటాను.

ఈ రోజు తేదీని క్వెరీ లోపల అడగొద్దు. చాలామంది దీన్ని పట్టించుకోరు, మళ్లీ వాడుకోవడానికి పనికొచ్చే క్వెరీకీ పనికిరానిదానికీ తేడా చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. బకాయి రిపోర్టులో 'కరెంట్ డేట్' అని రాసి ఉండేది. సర్వర్ యూటీసీలో, మేం దానికి ఐదున్నర గంటలు ముందు. ఒకటో తారీఖు తెల్లవారుజామున 2 గంటలకు రిపోర్టు నడిచేటప్పటికి సర్వర్‌లో ఇంకా ముందురోజు రాత్రి 8:30. అంటే కొత్త నెల వాయిదా అందులో లేదు. టైమ్‌జోన్ మార్చి ఊరుకోవచ్చు, కానీ ఆడిటర్ వచ్చి "మార్చి 31 నాటికి బకాయి ఇవ్వండి" అన్నాడు. ఆ క్వెరీ ఆ మాటకు జవాబు చెప్పలేదు, దానికి ఈ రోజు ఒక్కటే తెలుసు. తేదీని పారామీటర్ చేశాక ఆడిటర్‌కీ, రాత్రి రిపోర్టుకీ, టెస్టుకీ అదే క్వెరీ సరిపోయింది.

ఇక్కడే వ్యూ గురించి ఒక పేచీ వస్తుంది. వ్యూకి పారామీటర్ ఇవ్వలేం. కాబట్టి బకాయి మొత్తాన్ని లెక్కేసి ఇచ్చే వ్యూ రాస్తే 'ఏ తేదీ నాటికి' అన్నది అందులో ఇరుక్కుపోతుంది. మేం చేసింది: వ్యూలో ఏ రికార్డు చెల్లుతుందో అది మాత్రమే ఉంటుంది, కూడికలు ఉండవు. 'చెల్లిన రసీదులు' అనే వ్యూలో రద్దయినవీ, బౌన్స్ అయినవీ ఉండవు, అంతే. తేదీ ఫిల్టరూ మొత్తమూ ఫైల్లో ఉన్న క్వెరీ చూసుకుంటుంది. రేపు స్టేటస్‌కి ఇంకో విలువ వస్తే వ్యూ ఒక్కటి మారిస్తే చాలు. తేదీతో సహా లోపల పెట్టాలని పట్టుంటే ఎస్‌క్యూఎల్ భాషలోనే రాసిన ఫంక్షన్ వాడండి. అది సాదా సెలెక్ట్ అయి, స్టేబుల్ అని ప్రకటించి ఉంటే పోస్ట్‌గ్రెస్ దాన్ని విప్పి బయటి క్వెరీలో కలిపేసుకోగలదు.

వ్యూ మీద వ్యూ, దాని మీద ఇంకో వ్యూ కట్టకండి. రెండో అంతస్తు దాకా సరే. వ్యూని రీప్లేస్ చేసేటప్పుడు కొత్త కాలమ్‌ను చివర చేర్చడమే కుదురుతుంది, మధ్యలో తీయడానికి లేదు. కింద టేబుల్లో ఒక కాలమ్ టైపు మార్చాలంటే దాని మీద ఆధారపడ్డ వ్యూలన్నీ కూల్చి మళ్లీ కట్టాలి. నాలుగు అంతస్తులుంటే మైగ్రేషన్ (టేబుళ్ల నిర్మాణం మార్చే) రోజు ఎలా ఉంటుందో ఊహించుకోండి. మెటీరియలైజ్డ్ వ్యూ (ఫలితాన్ని దాచిపెట్టుకునే వ్యూ) వేగం చూసి మేం ఒకసారి ఆశపడ్డాం. అది రిఫ్రెష్ చేసినప్పటి లెక్కే చూపిస్తుంది కదా, పొద్దున డబ్బు కట్టినవాడికి సాయంత్రం బకాయి మెసేజ్ వెళ్లింది. నెలవారీ చార్టులకు వాడుకోండి, డబ్బు లెక్కకు వద్దు.

స్టోర్డ్ ప్రొసీజర్లు వద్దన్నానని పట్టుదల ఏమీ లేదు. రెండు వేర్వేరు భాషల అప్లికేషన్లు ఒకే డేటాబేస్ మీద రాస్తుంటే, లేదా లక్షల రికార్డులు నెట్‌వర్క్ దాటకుండా లోపలే మార్చాలంటే అవే సరైనవి. మీ వివరాల్లో ఆ రెండూ కనిపించలేదు.

టెస్టుల విషయంలో రెండే చేస్తాం. ఖాళీ డేటాబేస్ మీద మైగ్రేషన్లన్నీ నడిపి, ఆపైన ఫైళ్లలోని ప్రతి క్వెరీకీ నమూనా విలువలిచ్చి ఎక్స్‌ప్లెయిన్ చేయిస్తాం, అంటే దాని ప్లాన్ మాత్రం చూపమంటాం. ఎనలైజ్ జోడించకపోతే ఎక్స్‌ప్లెయిన్ క్వెరీని నడపదు, అందుకే అప్‌డేట్‌లకైనా భయం లేదు. కాలమ్ పేరు మార్చి ఒక క్వెరీలో మరిచిపోతే నిమిషంలో దొరికిపోతుంది. డబ్బు లెక్కలున్న క్వెరీలకు మాత్రం చేత్తో రాసిన పన్నెండు రసీదులు పెట్టి, అందులో ఒకటి బౌన్స్, ఒకటి రద్దు, ఒకటి క్లియర్ కాని చెక్కు ఉండేలా చూసి, కాగితం మీద లెక్కేసిన మొత్తంతో పోలుస్తాం. ఆ పన్నెండు రసీదులూ మేం కాదు, అకౌంట్స్‌లో ఉండే ఒక మేడం రాసిచ్చారు. మేం రాసి ఉంటే మాకు గుర్తున్న తప్పులే ఉండేవి.

మీ 60 క్వెరీలనూ ఒకేసారి కదపొద్దు. ఈ నెలలో ఏ క్వెరీ మార్చాల్సి వస్తే దాన్ని ఫైల్లోకి తీసుకెళ్లి, కాపీలు వెతికి, పాత జవాబూ కొత్త జవాబూ ఒకే రోజు డేటా మీద పోల్చి, ఆ తర్వాతే కాపీలు తీసేయండి. తేడా వచ్చిందంటే తొందరపడి పాతదే తప్పనుకోకండి, మా ఏజెంట్ల చెక్కుల సంగతి చూశారుగా.

నోట్‌బుక్‌ల గురించి చివర్లో అడిగారు. వాటిలో క్వెరీ అతికించడం పూర్తిగా ఆపలేరు, అవి ప్రయోగాలకే ఉన్నాయి. మా దగ్గర నోట్‌బుక్ కూడా అదే ప్యాకేజీని ఇంపోర్ట్ చేసుకుని పేరుతోనే క్వెరీ పిలుస్తుంది, ఫలితం పాండాస్ అనే డేటా లైబ్రరీలోకి పోతుంది. కొత్తది కావాలంటే సెల్‌లోనే రాసుకోవచ్చు. అదే సెల్‌ను రెండోసారి కాపీ కొట్టాల్సి వచ్చిన రోజు అది ఫైల్లోకి వెళ్లాలి. నోట్‌బుక్‌లకు డేటాబేస్‌లో వేరే యూజర్‌ను ఇవ్వండి, సెలెక్ట్ హక్కు తప్ప ఇంకేమీ లేకుండా, స్టేట్‌మెంట్ టైమౌట్ రెండు నిమిషాలకు పెట్టి. మా కుర్రాడొకడు జాయిన్ షరతు మరిచిపోయి భోజనానికి వెళ్లిన మధ్యాహ్నం నుంచి మాకు ఆ టైమౌట్ ఉంది.